శవం చూపించలేదు కదా!

సీరియల్లో ఎవరైనా చనిపోతే ఏడవాలో వద్దో తేల్చుకోవడానికి మా అత్తగారి దగ్గర ఒక కొలత ఉంది. శవం చూపించారా, లేదా? చూపిస్తే పోయినట్టు. చూపించకపోతే ఆవిడ కళ్ళు తుడుచుకోవడం అటుంచి, వక్కపలుకు నోట్లో వేసుకుని "వస్తాడులే" అంటారు. కారు లోయలో పడినా, పడవ బోల్తా కొట్టినా, ఇల్లు తగలబడినా అంతే. మొహం గుర్తుపట్టలేనంతగా కాలిపోయిన మనిషి వేలికి ఉంగరం చూసి ఇంటిల్లిపాదీ గుండెలు బాదుకుంటున్నా ఆవిడ చలించరు. "ఉంగరం ఎవడైనా పెట్టుకోవచ్చు" అంటారు. ఇన్నేళ్ళలో ఆవిడ లెక్క తప్పింది చాలా తక్కువ. ఒక్కసారి మాత్రం శవాన్ని చూపించి, చితి కూడా వెలిగించి, ఆ తర్వాత మనిషిని నడిపించుకుంటూ తీసుకొచ్చారు. కాలింది కవల తమ్ముడట! ఆ రోజు ఆవిడకి నిజంగానే కోపం వచ్చింది. "మరీ ఇంత అన్యాయమా" అని టీవీ కట్టేశారు. మర్నాడు మళ్ళీ పెట్టారనుకోండి.

నేను సీరియల్ చూసేవాళ్ళని వెక్కిరించే రకం కాదు. నేనూ చూస్తాను. వంటగట్టు దగ్గర నిలబడి సగం, హాల్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ సగం. ఈ చచ్చి బతికే కథల మీద అందరూ అనేమాట ఒకటే, "లాజిక్ లేదు" అని. మా ఆయన అదే అంటారు, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయీ అదే అంటుంది. లాజిక్ లేకపోవడం నాకు అంత పెద్ద ఇబ్బందిగా అనిపించదు. లాజిక్ కావాలంటే లెక్కల పుస్తకం ఉంది కదా. నా ఇబ్బంది వేరే. అది చెప్పడానికే ఇదంతా.

మనందరి కళ్ళముందు జరిగిన పెద్ద ఉదాహరణ కార్తీకదీపం. 2017 అక్టోబరులో మొదలైంది. దానికి మూలం కరుత్తముత్తు అనే మలయాళం సీరియల్. మన వంటలక్క ప్రేమి విశ్వనాథ్ అక్కడా కథానాయికే. మొగుడు అనుమానించి వదిలేస్తే నలుగురికీ వండిపెట్టి బతికిన దీప, తప్పు తెలుసుకోవడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టిన డాక్టర్ బాబు, మధ్యలో మోనిత, ఇద్దరు ఆడపిల్లలు. ఏడున్నర అయిందంటే మా వీధిలో ప్రతి కిటికీ లోంచీ ఒకటే పాట. 2022 మార్చిలో కారు ప్రమాదం అని చెప్పి దీపనీ డాక్టర్ బాబునీ ఒకేసారి తీసేశారు. కథ కొన్నేళ్ళు ముందుకి దూకింది. హిమ, శౌర్య పెద్దవాళ్ళైపోయారు. కొత్త పిల్లలు పాపం బాగానే చేశారు. కానీ వంటలక్క లేని కార్తీకదీపం ఇంగువ వెయ్యని పులిహోరలా ఉంది. తింటాం, కానీ ఏదో లేదని తెలుస్తూనే ఉంటుంది.

మా అత్తగారు "తీసుకురాక ఏం చేస్తారు" అన్నారు. అన్నట్టే ఆగస్టులో దీప తిరిగొచ్చింది. తర్వాత డాక్టర్ బాబు కూడా బతికే ఉన్నాడని తేలింది. కాకపోతే గతం మరిచిపోయి మోనిత దగ్గర ఉన్నాడు. 2023 జనవరిలో సీరియల్ అయిపోయింది. చచ్చి బతికింది చాలదన్నట్టు 2024 మార్చిలో 'ఇది నవ వసంతం' అని ఆ జంటే కొత్త కథతో ఇంకో జన్మ కూడా ఎత్తింది.

ఆ ఆగస్టు రోజున దీప కళ్ళు తెరిస్తే మా ఇంట్లో జరిగిన సంబరం చెప్పాలి. అత్తగారు పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మరిచిపోయారు. కింద వాటాలో ఉండే ఆవిడ మెట్లెక్కి వచ్చి "చూశారా పిన్నిగారూ" అంది. ఆ సంతోషంలో అబద్ధమేమీ లేదు. రోజూ సాయంత్రం వచ్చే మనిషి అయిదు నెలలు కనబడకుండా పోయి మళ్ళీ వస్తే ఎవరికైనా సంతోషంగానే ఉంటుంది.

ఎందుకు తెస్తారో అందరికీ తెలిసిందే. సీరియల్లో ఆయుర్దాయం నుదుటన రాసి ఉండదు, గురువారం గురువారం వచ్చే రేటింగుల్లో రాసి ఉంటుంది. నవల రాసేవాళ్ళకి చివరిపేజీ ఎక్కడో ముందే కనబడుతుంది. సీరియల్ రాసేవాళ్ళకి చివరి ఎపిసోడు ఎప్పుడో వాళ్ళకే తెలియదు. నటుడికి సినిమా అవకాశం వస్తే పాత్రకి కారు ప్రమాదం, ఆ సినిమా ఆడకపోతే పాత్రకి మెలకువ. నటుడు రాను పొమ్మంటే ప్లాస్టిక్ సర్జరీ ఉండనే ఉంది. అందుకే తెలివైన రచయిత శవాన్ని చూపించడు. తలుపు మూస్తాడు గానీ గడియ పెట్టడు. ఇది వాళ్ళ వ్యాపారం. దానిమీద నాకేమీ కోపం లేదు.

పైగా చనిపోయినవాళ్ళు తిరిగి రావడం మన కథలకి కొత్తా? డిగ్రీలో నన్నయ భారతంలోని కచుడి కథ మాకు పాఠంగా ఉండేది. మృతసంజీవని నేర్చుకోవడానికి శుక్రాచార్యుడి దగ్గరికి వచ్చిన కచుణ్ణి రాక్షసులు చంపుతారు. దేవయాని ఏడిస్తే శుక్రుడు బతికిస్తాడు. చివరికి వాళ్ళు కచుణ్ణి కాల్చి, ఆ బూడిదని సురలో కలిపి గురువుగారి చేతే తాగించేస్తారు. ఇంతకంటే పెద్ద మలుపు ఏ సీరియల్లో ఉంది చెప్పండి! కడుపులో ఉన్న శిష్యుణ్ణి బతికించాలంటే గురువు పొట్ట చీలాలి. అంటే గురువు చావాలి. కాబట్టి ముందు కడుపులో ఉన్నవాడికి విద్య నేర్పి, అతను బయటికి వచ్చి గురువుని బతికించాలి. అంతా అయ్యాక దేవయాని పెళ్ళి చేసుకోమంటే, నేను మీ నాన్న కడుపులోంచి వచ్చాను, నువ్వు నాకు తోబుట్టువువి అంటాడు కచుడు. ఎవరికోసం ఏడ్చి బతికించుకుందో అతనే ఆమెకి దక్కలేదు. శాపాలు ఇచ్చుకుని విడిపోయారు.

లాజిక్ అంటారా, ఇక్కడ మాత్రం ఏముంది? కానీ ఒకటుంది. పోయిన ప్రాణం వెనక్కి రావడానికి అందరూ ఏదో ఒకటి చెల్లించుకున్నారు. వచ్చాక ఎవరూ పాత మనుషుల్లా మిగల్లేదు. మన టీవీలో ఆ చెల్లింపు ఉండదు. మనిషి వచ్చేస్తాడు, గుమ్మంలో ఎర్రనీళ్ళు దిష్టి తీస్తారు, ఆ మధ్యకాలం మొత్తం ఎవరికీ ఏమీ కానట్టు మడతపెట్టి అటకెక్కించేస్తారు.

నా బాధల్లా ఆ మధ్యకాలం గురించి.

గమనించారా, భర్త చనిపోయాడని వార్త వచ్చినప్పుడు సీరియల్లో ఏం జరుగుతుందో? పెద్దవాళ్ళు వచ్చి బొట్టు చెరపబోతారు. గాజులు పగలగొట్టబోతారు. కెమెరా గాజుల మీదికి వెళ్తుంది, ఆమె మొహం మీదికి వెళ్తుంది, మళ్ళీ గాజుల మీదికి. అప్పుడు ఆమె చెయ్యి విదిలించుకుని "ఆయన బతికే ఉన్నారు, నా మనసు చెబుతోంది" అంటుంది. అత్త తిడుతుంది, ఊరు నవ్వుతుంది, ఆమె మాత్రం కుంకుమ మానదు. వంద ఎపిసోడ్ల తర్వాత ఆయన వస్తాడు. "నీ నమ్మకమే నన్ను బతికించింది" అంటాడు. వెనకాల వీణ.

చూడ్డానికి బాగుంటుంది. బొట్టు చెరపడానికి వచ్చిన చేతుల్ని ఒక ఆడది తోసేస్తోంటే నాకు మొదట్లో మహా ఉత్సాహంగా ఉండేది. కానీ ఆమె ఏమని తోస్తోందో వినండి. "భర్త పోతే మాత్రం నా బొట్టు నేనెందుకు తియ్యాలి" అని కాదు. "భర్త పోలేదు కాబట్టి తియ్యను" అని. అంటే పోయి ఉంటే తీసేదాన్నే అని ఒప్పుకుంటోంది. చివరికి ఆయన రావడంతో ఆ మాట రుజువైపోతుంది కూడా. గట్టిగా నమ్మింది కాబట్టి దక్కాడు. మరి దక్కనివాళ్ళ సంగతి? వాళ్ళ నమ్మకంలో లోపమా?

ఇది నేను కూర్చుని అల్లిన వాదం కాదు. మా అత్తగారి చెల్లెలి కూతురు, నాకు ఆడపడుచు వరస, 2021 మే నెలలో భర్తని పోగొట్టుకుంది. కరోనా. ఆ నెల ఎలా ఉండేదో మీకు నేను చెప్పక్కర్లేదు. హాస్పిటల్ నుంచి రాత్రి ఫోన్ వచ్చింది. తెల్లారేసరికి అన్నీ వాళ్ళే చేసేశారు. చుట్టేసిన మూటని దూరం నుంచి మరిదికి చూపించారట, ఆమెకి అదీ లేదు. తర్వాత ఒక చిన్న సంచీలో ఫోను, కళ్ళజోడు, చేతి గడియారం పంపించారు. పదోరోజు పట్టుమని పదిమంది కూడా లేరు. ఒకందుకు అదే నయమైంది, ఆ తంతులేవీ చెయ్యడానికి ఎవరూ రాలేకపోయారు.

ఏడాది దాటాక కొన్నాళ్ళు మా ఇంట్లో ఉండి వెళ్ళమని అత్తగారే పిలిచారు. సాయంత్రాలు ముగ్గురం టీవీ ముందు కూర్చునేవాళ్ళం. ఏదో సీరియల్లో హీరో నదిలో కొట్టుకుపోయాడు. అత్తగారు అలవాటు ప్రకారం "శవం చూపించలేదు కదా, వస్తాడులే" అన్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆమె టీవీ వైపే చూస్తూ, చాలా మామూలుగా, "నాకూ చూపించలేదు పెద్దమ్మా" అంది.

ఆ రాత్రి నాతో పాటు గిన్నెలు తుడుస్తూ ఇంకో మాట అంది. "ఆవిడ నమ్మలేదు కాబట్టి వచ్చాడు అంటారు కదా వదినా. నేను ఫోన్ రాగానే నమ్మేశాను."

నేనేం చెప్పను? అవన్నీ కథలు అని ఆమెకి తెలుసు. లెక్కల టీచరు ఆమె. అయినా ఆ కథ ఎక్కడో వెళ్ళి గుచ్చుకుంది. ఒకే కథని వంద రకాలుగా, వంద పేర్లతో, వారానికి ఆరు రోజులు చెబితే అది కథలా ఉండదు, లోకం తీరులా తయారవుతుంది. నిజం ఒప్పుకున్న ఆడది తొందరపడినట్టు, ఒప్పుకోని ఆడది పతివ్రత అయినట్టు. ఆ గుచ్చుకోవడం గురించి మాట్లాడకుండా లాజిక్ గురించి మాట్లాడతారేమిటి మా ఇంట్లోవాళ్ళు అని నాకు చిరాకు.

వెంటనే కొందరు సావిత్రిని తెస్తారు. సావిత్రి మొగుణ్ణి తెచ్చుకోలేదా, అదే కదా వీళ్ళూ చూపించేది అని. కాదు. సావిత్రి కథ మళ్ళీ ఒకసారి చదవండి. సత్యవంతుడు ఏడాదిలో పోతాడని నారదుడు ముందే చెప్పాడు. తెలిసే చేసుకుంది. రోజులు లెక్కపెట్టుకుంది. ఆ రోజు అతని వెంట అడవికి వెళ్ళింది, తల ఒళ్ళో పెట్టుకుంది, ప్రాణం పోవడం కళ్ళారా చూసింది. "ఆయన పోలేదు" అని ఒక్కసారి కూడా అనలేదు. పోయాడని ఒప్పుకున్నాకే యముడి వెంట నడిచింది. నడుస్తూ ఏడవలేదు, మాట్లాడింది. ధర్మం గురించి, మంచివాళ్ళ స్నేహం గురించి యముడంతటివాడు ముచ్చటపడేలా మాట్లాడింది. మొదటి వరం మామగారి చూపు. తర్వాత ఆయన రాజ్యం. ఆ తర్వాత తన తండ్రికి కొడుకులు. భర్త ప్రాణం చివర్న, అదీ మాటకి మాట ముడివేసి గెలుచుకుంది. ఎంత తెలివి, ఎంత ఓర్పు! మన సీరియళ్ళు సావిత్రి పేరు వాడుకుంటాయి గానీ సావిత్రి నోరు వాడుకోవు.

ఇంకొక కథ ఉంది, ఇదీ నన్నయ ఆదిపర్వంలోదే. దీన్ని ఎందుకు ఎవరూ చెప్పుకోరో నాకు ఆశ్చర్యం. రురుడనే మునికుమారుడు ప్రమద్వర అనే అమ్మాయిని ప్రేమించాడు. పెళ్ళి కావలసి ఉండగా ఆమెని పాము కరిచింది. చనిపోయింది. అడవిలోకి వెళ్ళి ఏడుస్తున్న రురుడితో దేవదూత, నీ ఆయుష్షులో సగం ఇస్తే ఆమె బతుకుతుంది అన్నాడు. ఇచ్చేశాడు. ఆమె లేచి కూర్చుంది. పెళ్ళయింది. అంతే కథ. భార్య కోసం, కాదు కాదు, ఇంకా భార్య కూడా కాని అమ్మాయి కోసం ఒక మగవాడు సగం జీవితం కొలిచి ఇచ్చేశాడు. దీనికి వ్రతం లేదు, నోము లేదు, పేరంటం లేదు. పెళ్ళిళ్ళలో పురోహితులు రురుడిలా ఉండు నాయనా అని ఏ పెళ్ళికొడుకునీ దీవించగా నేను వినలేదు. సీరియల్ రాసేవాళ్ళలో ఎవరైనా ఇది చదువుతోంటే, మీకు కావలసిన మలుపు ఇక్కడుంది తీసుకోండి, డబ్బులేం అడగను.

హిందీలో 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' మనలో చాలామంది చూసే ఉంటారు. 2000 జులైలో మొదలైంది. కొద్దికాలానికే తులసి భర్త మిహిర్‌ని చంపేశారు. ఛానల్‌కి ఫోన్ల మీద ఫోన్లట, దేశంలో ఆడవాళ్ళందరూ పుట్టెడు దుఃఖంలో మునిగారట. దాంతో మిహిర్ బతికొచ్చాడు. ఎక్కడున్నాడయ్యా ఇన్నాళ్ళూ అంటే, గతం మరిచిపోయి మందిర అనే డాక్టరమ్మ దగ్గర. మన డాక్టర్ బాబు ఎక్కడ దొరికాడు? మోనిత దగ్గర. ఆవిడా డాక్టరే. మతి పోయిన మగవాడు ఏ గుడి మెట్ల మీదో, ఏ రైల్వే ప్లాట్‌ఫారం మీదో దొరక్కుండా ఎప్పుడూ మనసిచ్చిన డాక్టరమ్మ దగ్గరే ఎలా దొరుకుతాడో! అదే భార్య గతం మరిచిపోయి ఇంకో మగవాడి ఇంట్లో ఏడాది ఉండి వచ్చిందనుకోండి, ఆ ఎర్రనీళ్ళ పళ్ళెం అదే చేతుల్లో ఉంటుందా? గుమ్మం దగ్గర ముందు ప్రశ్నలుంటాయి. ఆవిడ గర్భవతా కాదా అన్నది రెండు నెలలు నడుస్తుంది. మగవాడి మరుపు రోగం, ఆడదాని మరుపు నేరం.

ఇది మన దగ్గరే పుట్టిందని అనుకోకండి. అమెరికాలో డల్లాస్ అని చాలాకాలం నడిచిన సీరియల్ ఉండేది. అందులో బాబీ అనే పాత్ర వేసిన పాట్రిక్ డఫీ మానేస్తానంటే 1985 మేలో ఆ పాత్రని చంపేశారు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ కావాల్సొచ్చాడు. 1986 మేలో బాబీ భార్య పామ్ పొద్దున్నే లేచి స్నానాలగది తలుపు తీస్తే బాబీ హాయిగా స్నానం చేస్తున్నాడు. ఎలా అంటారా? ఆ మధ్య నడిచిన ఏడాది కథంతా పామ్‌కి వచ్చిన కలట. దీన్ని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. నాకు మాత్రం ఇందులో నవ్వు రానిదొకటి కనబడుతుంది. ఆ ఏడాదిలో పామ్ ఏం చేసింది? భర్త కోసం ఏడ్చింది, తేరుకుంది, ఆఖరికి మార్క్ అనే ఆయన్ని మళ్ళీ పెళ్ళి చేసుకుంది. పెళ్ళయిన మర్నాడే ఈ స్నానాలగది తలుపు. భర్త బతికాడు, ఆమె రెండో పెళ్ళి కలలో కలిసిపోయింది. (ఆ మార్క్ కూడా అంతకుముందు విమానం పేలి చచ్చిపోయాడనుకుంటే బతికొచ్చిన మనిషే! బాబీ లేచేసరికి ఆయన పాపం మళ్ళీ పోయినట్టయింది.) అమెరికా అయితేనేం, అత్తిలి అయితేనేం, పోయిన భర్త రావడానికి ముందు దారిలోంచి తీసేసేది ఆమె తనకి తానుగా నిలబెట్టుకున్న బతుకునే.

నిజంగా మనిషి కనబడకుండా పోయిన ఇళ్ళు మన చుట్టూ లేవా? వేటకి వెళ్ళి తిరిగిరాని పడవల కోసం ఒడ్డున చూసిన ఆడవాళ్ళు మన కోస్తాలో ఎంతమంది. వాళ్ళకి శవం లేదు. శవం లేకపోతే మరణ ధ్రువపత్రం అంత తేలిగ్గా రాదు. చట్టం ఏడేళ్ళు అంటుంది. ఏడేళ్ళపాటు, తెలియాల్సినవాళ్ళెవరికీ ఆ మనిషి ఆచూకీ తెలియకపోతే అప్పుడు చనిపోయినట్టు భావిస్తారు. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉన్న ఈ మాట 2024 జులైలో వచ్చిన కొత్త చట్టంలోనూ అలాగే ఉంది. భర్త ఏడేళ్ళు ఆచూకీ లేకపోతే విడాకులు అడగొచ్చని హిందూ వివాహ చట్టమూ అంటుంది. ఈలోగా బ్యాంకులో డబ్బు కదలదు, పొలం కాగితాల మీద సంతకం కుదరదు, బీమా అడిగితే కాగితం తెమ్మంటారు. ఆమె సుమంగళా కాదా అని పేరంటాలకి పిలిచేవాళ్ళకీ అనుమానమే. సీరియల్లో ఆ నిరీక్షణ అంతా దీపం ముందు కూర్చోవడం. బయట అది ఆఫీసుల ముందు నిలబడటం. "మనసు చెబుతోంది" అంటే ఏ గుమాస్తా రాసుకుంటాడు?

అందుకని తీసుకురావద్దని అనను. తీసుకురండి. చూసేవాళ్ళకి సంతోషం, ఆ నటులకి నాలుగు రాళ్ళు, మా అత్తగారికి తన మాట గెలిచిన తృప్తి. పోయినవాళ్ళు తలుపు తట్టాలని కోరుకోని ఇల్లుండదు. నా ఆడపడుచు కూడా ఆ ఘట్టం వస్తే లేచి వెళ్ళిపోదు, కూర్చునే చూస్తుంది. ఒకరోజు అడిగితే, "బాగుంటుంది వదినా, ఎవరికో ఒకరికి వచ్చాడు కదా" అంది.

కాకపోతే రెండు మార్పులు చెయ్యండి. ఆమె బొట్టుని ఆయన ఊపిరికి ముడిపెట్టకండి. ఆయన పోయాడని ఆమె ఒప్పుకున్నా సరే, నుదుటిమీద బొట్టు ఉంచుకుని, పిల్లల్ని బడికి పంపి, తన పని తాను చేసుకోనివ్వండి. ఆ తర్వాత ఆయన వస్తే, ఆమె నమ్మకం వల్ల కాదు, బతికున్నాడు కాబట్టి వచ్చాడని చెప్పండి. మామూలు కారణం చాలు.

రెండోది, దిష్టి తీసిన మర్నాడు ఏమవుతుందో చూపించండి. దిష్టి దగ్గర ఆపేసి వెంటనే కొత్త విలన్‌ని దింపకండి. ఆయన వచ్చేసరికి గ్యాస్ కనెక్షన్ ఆమె పేరు మీదికి మారి ఉంటుంది. రేషన్ కార్డులో ఆయన పేరు తీసేసి ఉంటారు. వితంతు పింఛను ఏడాదిగా వస్తోంది, అది ఇప్పుడు తిరిగి కట్టాలా? బీమా డబ్బు పెద్దపిల్ల కాలేజీ ఫీజుకి అయిపోయింది, వాళ్ళు వెనక్కి అడిగితే ఎక్కడినుంచి తెస్తారు? బతికున్నానని ఆయన ఎమ్మార్వో ఆఫీసులో ఎవరి ముందు నిలబడి నిరూపించుకుంటాడు? ఇవన్నీ అయ్యాక, ఆయన లేని రోజుల్లో ఆమె పడుతూ లేస్తూ స్కూటీ నేర్చుకుంది. మోకాలి మీద మచ్చ కూడా ఉంది. పొద్దున్న ఎనిమిదింటికి పిల్లని దింపడానికి బయల్దేరుతోంటే ఆయన గుమ్మంలోకి వచ్చి, ఏడాది ఏమీ జరగనట్టే, "ఇలా ఇవ్వు, నేను వెళ్తాను" అని చెయ్యి చాస్తాడు. ఆ తాళాలు ఆమె ఇస్తుందా, ఇవ్వదా? దీన్ని సోమవారం నుంచి శనివారం దాకా సాగదీసినా నేను చూస్తాను. మా అత్తగారిని అడిగాను, ఆవిడా చూస్తానన్నారు.